బ్యాటరీ మనమే ఊడదీసుకుందాం

ఈసారి సంధులు, విభక్తులు కాదు. బ్యాటరీ గురించి రాస్తున్నాను. ఇసకలో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీ బండి ఉంటుంది కదా, దాని బ్యాటరీ. దాన్ని బండిలోంచి తీయడం, చార్జ్ ఎక్కించడం, మళ్ళీ పెట్టడం. ఈ పని మనం మన చేతులతోనే చేసుకోవాలి అని నా అభిప్రాయం. అభిప్రాయం అని మర్యాదకి అంటున్నాను. నిజానికి ఈ విషయంలో నాకు కోపం ఉంది, అందులో ఎక్కువ భాగం నా మీదే.

ఖతర్‌లో ఉన్నవాళ్ళకి ఇది తెలిసిందే, మిగతావాళ్ళ కోసం చెప్తాను. ఇక్కడ ఎండాకాలం పగలు బయట నిలబడలేం. నవంబర్ వచ్చేసరికి చల్లబడుతుంది. అప్పుడు శుక్రవారం వస్తే చాలు, జనం మెసయీద్ దాటి సీలైన్ వైపు వెళ్తారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసక దిబ్బలు. టెంట్లు వేసుకుంటారు, మాంసం కాలుస్తారు, పిల్లలు ఏటీవీల మీద దిబ్బలు ఎక్కి దిగుతారు. ఆ బండ్లు అద్దెకి దొరుకుతాయి. మా అల్లుడు మాత్రం రెండేళ్ళ కిందట ఒక పాతది కొన్నాడు. కొన్నప్పుడు ఇంట్లో పెద్ద గొడవ అయింది, అది వేరే కథ.

పోయిన జనవరిలో ఒక శుక్రవారం మేము కూడా వెళ్ళాం. మనవడు హెల్మెట్ పెట్టుకుని సీటు మీద కూర్చున్నాడు. అల్లుడు బటన్ నొక్కాడు. టక్ టక్ టక్ అంది, అంతే. ఇంజిన్ తిరగలేదు. లైటు వెలుగుతోంది కానీ దీపావళి మర్నాడు ప్రమిదలో మిగిలిన వత్తిలాగ వెలుగుతోంది.

"ఆ అబ్బాయిని పిలుద్దాం మావయ్యా" అన్నాడు అల్లుడు.

ఆ అబ్బాయి అంటే అబ్బాయేం కాదు, ముప్ఫై ఆరేళ్ళ మనిషి. జగిత్యాల వైపు ఊరు. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో మెకానిక్. మేము కొన్ని కుటుంబాల వాళ్ళం పండగలకి ఎవరో ఒకరింట్లో చేరి పూజ చేసుకుంటాం. అక్కడికి అతనూ వస్తాడు, అలా పరిచయం. పరిచయమై ఏడేళ్ళయింది. ఫోన్ నేనే చేశాను. హిందీలో మాట్లాడాను.

ఈ హిందీ సంగతి మీకు అర్థమవుతుంది, మీలో చాలామంది నాలాంటివాళ్ళే కాబట్టి. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలోనే మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చాలామంది ఆ ఊరికి పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మా తాత అలాగే వెళ్ళారు. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బళ్ళో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం నేర్చుకోలేదు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ కేబినెట్ తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. ఆ వార్త నేను ఇంగ్లీషులో చదివాను, ఎందుకంటే అప్పటికి నాకు 'క' గుణింతం కూడా రాదు. సిగ్గేసి ఆ తర్వాతే మొదలుపెట్టాను. కానీ అక్షరాలు వచ్చినా, మాట్లాడాలంటే మాత్రం నాకు భయం. నా శ్రీకాకుళం యాసలో సగం హిందీ కలిసి ఉంటుంది, అతని జగిత్యాల తెలుగు వేగంగా ఉంటుంది. అందుకని ఏడేళ్ళు ఇద్దరు తెలుగువాళ్ళం హిందీలో మాట్లాడుకున్నాం.

సరే. అతను రెండు గంటల్లో వచ్చాడు, ఎవరో స్నేహితుడి పికప్ అడిగి తెచ్చుకుని. సీటు తీశాడు, బ్యాటరీ చూశాడు, తను తెచ్చిన ఇంకో బ్యాటరీతో బండి స్టార్ట్ చేశాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లోనే అతని ఫోన్ మోగింది. వీడియో కాల్. చేతులకి గ్రీజు ఉంది కాబట్టి మోచేత్తో నొక్కి సీటు మీద పెట్టాడు. ఒక చిన్న పిల్ల గొంతు: "బాపూ, ఏడున్నవ్? రూముల లేవా?"

"పనిల ఉన్న బిడ్డా. మళ్ళ చేస్త" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ చేసే టైముకి అక్కడ ఊళ్ళో ఆ పిల్ల నిద్రపోయి ఉంటుంది. మనకంటే వాళ్ళ గడియారం రెండున్నర గంటలు ముందు. ఆ లెక్క నాకు తెలుసు, ఎందుకంటే పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేనూ ఇక్కడి నుంచి ఆ లెక్కే వేసేవాణ్ణి. అల్లుడు యాభై రియాల్ ఇవ్వబోతే అతను తీసుకోలేదు. "మీరు దేవుని పని చేసెటోళ్ళు సార్" అన్నాడు. ఒక ప్లేటు బిర్యానీ తిని వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను చేసే దేవుడి పని ఏమిటి? ఖరగ్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళు గుడిలో చెప్పుల దగ్గర టోకెన్లు ఇచ్చాను. సెలవులకి వెళ్తే ఇప్పటికీ ఇస్తాను. ఇక్కడ పూజ రోజు ప్రసాదం వడ్డిస్తాను, ఎవరు ఏం తేవాలో లిస్టు రాస్తాను. దాన్ని సేవ అంటాం. అదే పూజకి బరువైన గిన్నెలు మోసేది, తివాచీలు దులిపేది, చివర్లో చెత్త సంచులు కిందికి తీసుకెళ్ళేది ఎవరు? ఇండస్ట్రియల్ ఏరియా నుంచి వచ్చే ఈ కుర్రాళ్ళే. వాళ్ళు చేసినప్పుడు కూడా సేవ అనే అంటాం. కానీ మా ఫ్లాట్‌లో ట్యాప్ కారినప్పుడు, కారు ఏసీ పాడైనప్పుడు, ఇప్పుడు ఇసకలో ఏటీవీ ఆగినప్పుడు, అదే సేవ అనే మాట పట్టుకుని ఆ కుర్రాళ్ళని పిలుస్తాం. గుడిలో మొదలైన పిలుపు గ్యారేజీ దాకా వెళ్తుంది. వాళ్ళు కాదనలేరు. పూజలో మేము పెద్దవాళ్ళం కదా.

ఖతర్ కార్మిక చట్టం ఒకటి ఉంది, 2004 నాటి 14వ నంబర్ చట్టం. వారానికి కనీసం 24 గంటలు వరసగా సెలవు ఇవ్వాలని అందులో ఉంది. షిఫ్టుల్లో చేసేవాళ్ళకి తప్ప ఆ సెలవు శుక్రవారమే. యజమాని ఆ రోజుని తీసుకుంటే అడగడానికి చట్టం ఉంది. "ఒక్కసారి వచ్చి చూడు బాబూ" అని ముద్దుగా పిలిచే నాలాంటి వాడు తీసుకుంటే అడిగేవాడు లేడు. మాకు శుక్ర, శని రెండు రోజులు సెలవు. అతనికి ఉన్నది ఒకటే. ఆ ఒక్క రోజులో బట్టలు ఉతుక్కోవాలి, వంట చేసుకోవాలి, డబ్బు పంపించాలి, ఏషియన్ టౌన్‌లో క్రికెట్ చూడాలి, కూతురితో మాట్లాడాలి. అందులోంచి మేము నాలుగైదు గంటలు తీసుకున్నాం, పది నిమిషాల పని కోసం.

ఆ పది నిమిషాల పని ఎంత తేలికో తెలిశాక నా సిగ్గు ఇంకా పెరిగింది.

తర్వాత మంగళవారం అల్లుడి పికప్‌లో బండి వేసుకుని ఆ గ్యారేజీకే వెళ్ళాను, పని వేళలో. ముందే యజమానికి చెప్పాను, ఇతని గంట టైముకి బిల్లు వెయ్యండి అని. అతను కంగారు పడ్డాడు. "మీరెందుకు సార్? శుక్రారం నేనే వస్త గదా" అన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని తెలుగులో అన్నాను, "శుక్రవారం నువ్వు రావద్దు. నాకు నేర్పించు." అతను ఒక నిమిషం నన్ను చూసి, "అరె, సార్‌కు తెలుగొస్తది!" అని పక్కవాళ్ళందరికీ చెప్పాడు. అరవై నాలుగేళ్ళ వాడికి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ దొరకదు.

ఇప్పుడు ఆ పని చెప్తాను. మా బండికి బ్యాటరీ సీటు కిందే ఉంది. కొన్ని బండ్లకి ముందు ర్యాక్ కింద ఉంటుంది, మీ బండి పుస్తకంలో చూసుకోండి. తాళం ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. సీటు వెనక చిన్న గొళ్ళెం లాంటిది ఉంటుంది, అది లాగితే సీటు పైకి వచ్చేస్తుంది. బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచే రబ్బరు పట్టీ ఉంటుంది, అది తప్పించాలి. రెండు వైర్లు కనిపిస్తాయి. నలుపు మైనస్. ఎరుపు ప్లస్, దాని మీద రబ్బరు టోపీ ఉంటుంది.

"మైనస్ ముందుగాల ఇప్పాలె సార్."

"ఎందుకు?"

"బండి ఒళ్ళంత మైనసే. మీరు ప్లస్ ఇప్పుతుంటె పాన జారి ఫ్రేముకు తాకిందనుకోండ్రి, భగ్గున మంటలేస్తయి. మైనస్ ఇప్పి పక్కకు పెట్టినంక పాన ఏడ తాకినా ఏం గాదు."

బండి ఒళ్ళంతా మైనసే. నేను ఫిజిక్స్ చదివినవాణ్ణి అండి. మైనస్‌ని చట్రానికి కలుపుతారు, కరెంటు చట్రంలోంచే బ్యాటరీకి తిరిగి వస్తుంది అని ఇంగ్లీషులో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ పరీక్ష అయ్యాక ఒక్క రోజు కూడా అది నాకు గుర్తు రాలేదు. ఈ మాట మాత్రం విన్న రోజే బుర్రలోకి వెళ్ళి కూర్చుంది. ఇనప పానతో ప్లస్‌నీ ఫ్రేమునీ ఒకేసారి తాకితే పెద్ద కరెంటు ఒక్కసారిగా పారుతుంది. పాన ఎర్రగా కాలుతుంది, చేతికి ఉంగరం ఉంటే వేలు కాలుతుంది. అందుకే ఉంగరం, గడియారం, చేతికి కట్టుకున్న గొలుసు ముందే తీసేయాలి. గొలుసు కట్టుకున్న ఆంజనేయస్వామి భక్తులు నన్ను క్షమించాలి, తీసి జేబులో పెట్టుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

తిరిగి పెట్టేటప్పుడు ఉల్టా. ప్లస్ ముందు, మైనస్ ఆఖరికి. కారణం అదే.

ఇక పుస్తకాల్లో రాయని కష్టం ఒకటి ఉంది. ఈ చిన్న బ్యాటరీలకి టెర్మినల్ అనేది చిన్న గూడు లాగ ఉంటుంది. అందులో ఒక చదరపు నట్టు వదులుగా కూర్చుని ఉంటుంది, బోల్టు దానిలోకి దిగాలి. బోల్టు విప్పగానే ఆ నట్టు జారి కిందికి పోతుంది. మళ్ళీ పెట్టేటప్పుడు నట్టు అడుక్కి దిగిపోయి బోల్టుకి అందదు. నేను ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు ఒక నట్టు పడేశాను. అది ఇప్పటికీ బండి లోపల ఎక్కడో ఉంది, ఇసక దిబ్బ ఎక్కినప్పుడల్లా చిన్నగా మోగుతుంది. అతను చెప్పిన ఉపాయం ఏమిటంటే, నట్టు కింద చిన్న స్పాంజి ముక్క మడిచి పెట్టడం. స్పాంజి నట్టుని పైకి ఎత్తి పట్టుకుంటుంది. రెండు రోజులు వంగి వంగి నడుము నొప్పి తెచ్చుకున్నాక ఆ స్పాంజి ముక్క విలువ నాకు తెలిసింది.

బ్యాటరీని పక్కకి వంచకుండా నిలువుగా పైకి తీయాలి. మాది నాలుగైదు కిలోలు ఉంటుంది, నా వయసు వాడు కూడా మోయగలడు.

చార్జ్ ఎక్కించడం దగ్గరే అల్లుడికీ నాకూ వాదన వచ్చింది. అతని దగ్గర కారు చార్జర్ ఉంది, 10 ఆంపియర్లది. "దీంతో గంటలో అయిపోతుంది మావయ్యా" అన్నాడు. బ్యాటరీ మీద 14 ఆంపియర్ అవర్ అని రాసి ఉంది. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీకి, రాసి ఉన్న అంకెలో పదో వంతు కరెంటు ఇవ్వడం పాత పద్ధతి. అంటే 1.4 ఆంపియర్లు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీకి పది పన్నెండు గంటలు పడుతుంది. 10 ఆంపియర్లు తోస్తే వేడెక్కి పాడవుతుంది. రాత్రంతా పెట్టి ఉంచినా నిండగానే తనే తగ్గించుకునే చిన్న చార్జర్ ఒకటి కొన్నాను. లిథియం బ్యాటరీ అయితే ఈ లెక్క పనికిరాదు, దానికి దాని చార్జరే వాడాలి. ముందు ఎరుపు క్లిప్పు ప్లస్‌కి, నలుపు క్లిప్పు మైనస్‌కి పెట్టి, ఆ తర్వాతే గోడ ప్లగ్ స్విచ్ వెయ్యాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి.

ఎక్కడ పెట్టాలి? ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని దాచుకోకుండా చెప్తాను. వంటింటి పక్కన మాకు చిన్న స్టోర్ గది ఉంది. చల్లగా ఉంటుంది, పిల్లలు రారు. అక్కడే నేల మీద బ్యాటరీ పెట్టాను, క్లిప్పులు పెట్టాను. స్విచ్ మీద వేలు పెట్టి, యథాలాపంగా తల ఎత్తి చూశాను. నా తల మీద మా అమ్మాయి దేవుడి షెల్ఫు. రెండు దీపాలు వెలుగుతున్నాయి, అగరొత్తి వెలుగుతోంది.

మా నాన్న గుర్తుకొచ్చారు. ఆయన ఖరగ్‌పూర్‌లో రైలు పెట్టెల లైట్ల బ్యాటరీలు చూసే సెక్షన్‌లో పని చేశారు. అప్పట్లో పెట్టె కింద పెద్ద డబ్బాల్లో బ్యాటరీలు ఉండేవి. రైలు నడుస్తుంటే ఇరుసు నుంచి బెల్టుతో డైనమో తిరిగి వాటికి చార్జ్ ఎక్కేది. షెడ్డులో బ్యాటరీ గది ఉండేది, దాని గుమ్మం దగ్గర ఆయన బీడీ కాలుస్తున్నవాణ్ణి ఎవరినైనా చూస్తే, మహా నెమ్మదస్తుడు, కేకలేసేవారు. చార్జ్ ఎక్కుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. ఇప్పటి సీల్ చేసిన బ్యాటరీల్లో అది చాలావరకు లోపలే కలిసిపోతుంది, కానీ ఎక్కువ చార్జ్ అయితే బయటికి వదులుతుంది. మూసిన గదిలో, వెలిగే దీపం కింద, ఆ పని చేయబోయాను నేను. బ్యాటరీ తీసుకెళ్ళి నీడలో ఉన్న బాల్కనీలో పెట్టాను. ఆ సాయంత్రం దేవుడికి రెండుసార్లు దణ్ణం పెట్టాను, ఒకటి మా నాన్నకి.

నాన్న ప్యాంట్లకి చిన్న చిన్న చిల్లులు ఉండేవి. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనిపించదు, ఉతికాక బట్ట అక్కడ విడిపోతుంది. అమ్మ ఆ చిల్లులు కుట్టేది. నాకు ఆ ప్యాంట్లంటే సిగ్గుగా ఉండేది. బళ్ళో ఫాదర్స్ ఆక్యుపేషన్ అన్న చోట రైల్వే సర్వీస్ అని మాత్రమే రాసేవాణ్ణి. పాన పట్టుకోబోతే నాన్నే వద్దనేవారు, "నీకెందుకురా ఇది, నువ్ సదువుకో" అని. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఒక్క మాటతో రెండు పోయాయి. పనీ పోయింది, పనితో వచ్చే మాటలూ పోయాయి.

అందుకే ఈ వ్యాసం మీకు రాస్తున్నాను, బండ్ల వాళ్ళకి కాదు. మనం తెలుగు నేర్చుకునేది ఎలా? పద్యం, కథ, వార్తలు, సినిమా. మంచివే. కానీ నాకు క్రియలు వచ్చింది గ్యారేజీలో. నేను నా నోట్‌బుక్‌లో "బ్యాటరీ చార్జ్ చేయబడింది" అని రాసుకున్నాను, ఇంగ్లీషుని అక్షరం అక్షరం మార్చి. అతను చదివి నవ్వాడు. "చార్జి ఎక్కింది అంటం సార్. అయిపోతె దిగింది అంటం." ఎక్కింది, దిగింది. బస్సు ఎక్కినట్టు, మెట్లు దిగినట్టు. జ్వరం కూడా అంతే, విషం కూడా అంతే. వైరు తీస్తే ఊడదీయడం, బోల్టు అయితే విప్పడం, అతని నోట్లో ఇప్పుడు. తిరిగి తిప్పితే బిగించడం, సరిగ్గా బిగించకపోతే వదులు, అందరూ అనేది లూజు. 'పాన' మాట మా నాన్న కూడా అనేవారు. అరవై ఏళ్ళ తర్వాత జగిత్యాల మనిషి నోట విన్నప్పుడు ఆ గ్యారేజీలో ఒక్క క్షణం నాకు ఖరగ్‌పూర్ షెడ్డు వాసన వచ్చింది. ఈ మాటలు ఏ వాచకంలోనూ ఒక పాఠంగా లేవు. చేత్తో పట్టుకుంటేనే వస్తాయి.

నాతో ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. మా పూజ వాళ్ళలో ఒకాయన అన్నాడు, "వాళ్ళకి నాలుగు రియాల్ వచ్చే పని మీరు పాడుచేస్తున్నారు." ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆయన ఎప్పుడూ ఆ నాలుగు రియాల్ ఇవ్వలేదని నాకు తెలుసు. ఇచ్చేవాళ్ళయితే బండిని పని రోజు గ్యారేజీకి తీసుకెళ్ళండి, బిల్లు కట్టండి. నేను వద్దనను. ఇంజిన్ పని, బ్రేకు పని నాకు రావు, వాటికి నేనూ అలాగే వెళ్తాను. నేను వద్దనేది శుక్రవారం ఫోన్ కాల్‌ని. ఇంకొకాయన, ఈ వయసులో కరెంటుతో ఆటలా అన్నాడు. బ్యాటరీది 12 వోల్టులు, ముట్టుకుంటే షాక్ కొట్టదు. భయపడాల్సింది పాన జారడానికి, యాసిడ్‌కి, నిప్పుకి. కళ్ళజోడు, చేతికి గ్లవుజులు, పక్కన నీళ్ళు పెట్టుకుంటే చాలు. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కారుతున్నా ముట్టుకోకండి, అప్పుడు మాత్రం తెలిసినవాళ్ళకి ఇచ్చేయండి.

అసలు ఆ జనవరి రోజు బ్యాటరీ ఎందుకు దిగిపోయింది? అల్లుడు వేసవి అంతా దాన్ని బండిలోనే ఉంచి, బండిని రేకుల షెడ్డులో పెట్టాడు. ఇక్కడ వేసవిలో 45 డిగ్రీలు మామూలు, రేకుల కింద ఇంకా ఎక్కువ. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగుతూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. దాని మీద బండిలో గడియారం లాంటివి కొంచెం కొంచెం తాగుతుంటాయి. అలా దిగిపోయి నెలల తరబడి ఉంటే లోపలి పలకల మీద సీసం సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జ్ పెట్టినా ఎక్కదు. కాబట్టి మే నెలలో, సీజన్ అయిపోగానే, బ్యాటరీ ఊడదీసి ఏసీ ఉన్న గదిలో పెట్టండి. నెలకోసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. చార్జ్ తీసేసిన వెంటనే కాదు, కొన్ని గంటలు ఆగి చూడాలి. 12.8 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4కి వస్తే మళ్ళీ ఎక్కించండి. 12కి దిగిందంటే ఆలస్యం చేశారన్నమాట. జులైలో ఊరికి వెళ్ళేవాళ్ళు వెళ్ళే ముందు రోజు ఒకసారి నింపి వెళ్ళండి. సూట్‌కేసు తూకం వేసుకునే హడావిడిలో ఇది కూడా ఒక పని, అంతే.

ఇది అల్లుడికి కూడా నేర్పాను. మనవడికి మైనస్ ముందు అని పాట లాగ వచ్చేసింది. వాడు దాన్ని జగిత్యాల యాసలో పాడతాడు, మా అమ్మాయి తల పట్టుకుంటుంది.

మా పూజ లిస్టు రాసేది నేనే అని చెప్పాను కదా. ఈసారి లిస్టులో గిన్నెలు మోయడం, చెత్త సంచులు అన్న చోట మా ఇంటిపేర్లు రాశాను, నాది మొదట. ఇద్దరు మొహం చిట్లించారు. సంచులు మాత్రం కిందికి వెళ్ళాయి.

పోయిన శుక్రవారం బ్యాటరీ తీసి, చార్జ్ ఎక్కించి, మళ్ళీ పెట్టి, బండి స్టార్ట్ చేశాను. సంతోషం పట్టలేక అతనికి మెసేజ్ పెట్టాను, తెలుగులో టైప్ చేసి: "మైనస్ ముందు విప్పాను. 12.8 ఎక్కింది." పంపాక గుర్తొచ్చింది ఈ రోజు శుక్రవారమని. గంట తర్వాత జవాబు వచ్చింది.

"మంచిది కాకా. మ్యాచ్ చూస్తున్న. రేపు మాట్లాడుత."